కొంగు ముడిలో చెవి మిషన్

నా మూలంగా ఒక పొద్దున మా ఊరు ఊరంతా నడిరోడ్డు మీద బిగుసుకుపోయింది. బస్సు ఆగింది. వడ్ల లారీ ఆగింది. హోటల్లో పెనం మీది దోశ బొగ్గయింది. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న మనిషి మిగతా సగం నురగతోనే లేచి నిలబడ్డాడు. జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు మేడం కారు దిగి ఎండలో నిటారుగా నిలుచుంది. ఇంతమందిలో కదిలింది ఒకే ఒక్క మనిషి. భూమి బద్దలైనా ఏ మనిషి కదలడని ఊరంతా నమ్ముతుందో, సరిగ్గా ఆ మనిషే. ఆయన నా మొగుడు.

ఊరి పేరు చెప్పను. నల్గొండలో బస్సెక్కి తిరుమలగిరి దిక్కు పోతుంటే మధ్యలో ఎక్కడో తగులుతుంది. పోయిన పరువు చాలు, ఉన్న కాస్త పరువుకు అడ్రసు కూడా ఎందుకు?

రాస్తున్నది మా మనవరాలు మమత. మొదలుపెట్టగానే అడిగింది.

"అవ్వా, నువ్వు మాట్లాడినట్టే రాయాల్నా, పుస్తకంల లెక్క రాయాల్నా?"

"నేను చెప్పేది పుస్తకం లెక్క రాయి. మంది మాటలు మంది లెక్కనే ఉండనియ్యి. నాకు సిగ్గనిపించిన కాడ జర చిన్నక్షరాలు రాయి."

"గట్లయితే మొత్తం చిన్నక్షరాలే అయితయ్ కదవ్వా!"

పిల్ల చెప్పింది నిజమే. అయినా కానివ్వండి.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. పేరు బాలస్వామి. ఊరు పెట్టిన పేరు మిలిటరీ. మా మామ పటేళ్ళ ఇంట్లో జీతం, అంటే పాలేరుగా, ఉన్నవాడు. వాళ్ళ వాకిలి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచేవాడు. అది చూసి చూసి మా ఆయన మీసం మొలవగానే మిలిటరీకి పారిపోయాడు. ఎందుకు పోయావంటే దేశం కోసమనే చెబుతాడు. నాకు మాత్రం బూట్ల కోసం పోయాడని అనుమానం. ఇప్పటికీ రోజూ పొద్దున బూట్లకు పాలిష్ పెట్టి, అందులో మొహం చూసుకుని, మీసం దువ్వుకుంటాడు. మా ఇంట్లో అద్దం నాకొక్కదానికే.

బంగ్లాదేశ్ యుద్ధంలో ఉన్నాడు. అయితే తుపాకీ పట్టి కాదు, వంటవాడిగా. ఊళ్ళో పెద్ద పటేలు, అంటే మా మామ జీతం చేసిన ఇంటి కొడుకు, లింగయ్య హోటల్లో ఆయనకని వేసిన కుర్చీలో కూర్చుని రోజూ ఇదే మాట.

"ఏమ్రా మిలిటరీ! యుద్ధంల తుపాకి పట్టినవా, తెడ్డు పట్టినవా?"

మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. నాకు తెలిసిన సంగతి వేరు. బాంబులు పడుతుంటే భుజం మీద రొట్టెల మూట, చేతిలో పప్పు బకెట్ పట్టుకుని గుంతల్లో ఉన్న సిపాయిల దగ్గరికి పాకుతూ పోయేవాడట. ఒకటి పక్కనే పడి ఎడమ చెవి పోయింది. పెళ్ళైన కొత్తలో ఈ కథ విని, ఏమడగాలో తెలియక, "పప్పు ఒలికిందా?" అని అడిగాను.

"సగం," అన్నాడు. చెవి పోయినందుకు లేని బాధ ఆ సగానికి ఉంది ఆయన మొహంలో.

మిలిటరీ నుంచి వచ్చాక మండలాఫీసులో అటెండరు ఉద్యోగం. అటెండరంటే చాయ్ తెచ్చేవాడు అనుకునేరు. ఆఫీసులో అసలు పెత్తనం ఈయనదే. పొద్దున ఆఫీసు టైముకు గుమ్మంలో నిలబడేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఒక్క మాట అనేవాడు కాదు. బూటు నేలకేసి కొట్టి సెల్యూట్ చేసేవాడు. ఆ చప్పుడుకు ఆఫీసంతా తలెత్తి చూసేది. రెండు వారాలు ఆ సెల్యూట్లు తిన్న ఒక గుమస్తా మూడో వారం ఈయనకంటే ముందే వచ్చి తలుపు దగ్గర కాచుకున్నాడట. ముసలివాళ్ళు పింఛను కోసం వస్తే మాత్రం తన స్టూలు వాళ్ళకిచ్చి తను నిలబడేవాడు. రిటైరయ్యేదాకా ఆ స్టూలు మీద ఈయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

రిటైరయ్యాక మనిషి ఇంట్లో పడ్డాడు. అటెన్షన్, స్టాండటీజ్ అన్నీ నా వంటింట్లోనే. పప్పు డబ్బాలు ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టాడు. నేను పిచ్చిదాన్నైపోయేదాన్నే గాని అంతలో దేవుడు కరుణించాడు. నల్గొండలో చూసి మా ఊరి పిల్లగాళ్ళు కూడా చౌరస్తాలో మైకులు, పక్కన చిన్న మైకు గది పెట్టి రోజూ పొద్దున జాతీయ గీతం మొదలుపెట్టారు. దాని చార్జి ఎవరికివ్వాలి? ఇంకెవరికి! జీతం లేదు, సెలవు లేదు. ఈయన మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహం.

అప్పటి నుంచి పొద్దున ఎనిమిదిన్నర అయ్యిందంటే మా ఊరు ఫోటోలో ఊరే. బస్సు డ్రైవరు ఇంజను బంద్ చేస్తాడు. తాగే చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగుతుంది. అప్పుడు ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. ఒకసారి నా కొంగు జారుతుంటే పట్టుకున్నాను. ఇంటికొచ్చాక పెద్ద పంచాయితీ.

"కొంగు జారితే పట్టుకోవద్దా?"

"పాట అయినంక పట్టుకోవాలె."

"పాట అయ్యేలోపల మానం పోతే?"

"అందరు అటెన్షన్ల ఉంటరు. నీ దిక్కు ఎవరు చూస్తరే!"

ఊరంతా నిలబడేది, ఒక్క పెద్ద పటేలు తప్ప. ఆయన తెలివే తెలివి. పాట టైము కాకముందే చాయ్ తాగడం ఆపి, "నాకు పొలం కాడ పనున్నది" అని లేచి పోయేవాడు. పాట అయ్యాక తిరిగొచ్చేవాడు. పొలం ఆయన ఎప్పుడో కౌలుకిచ్చేశాడు. జీతగాడి కొడుకు మైకు పెడితే లేచి నిలబడడం ఆయన మోకాళ్ళకు ఇష్టం లేదు, అంతే. మా ఆయన ఆ ఖాళీ కుర్చీని రోజూ చూసేవాడు.

ఇక చెవి సంగతి. ఎడమది యుద్ధం తిన్నది, కుడిది వయసు తిన్నది. మా పెద్దోడు చెవి మిషన్ కొనిచ్చాడు. అది చెవిలో ఉంటే వీధి చివర మా గురించి ఎవరు మాట్లాడుకున్నా వినపడుతుంది. తీసేస్తే మాత్రం మంచం కింద పటాకుల సరం పేలినా, "ఎవరో తలుపు కొడుతున్నట్టున్నరు చూడే" అంటాడు. ఇంకో తకరారు కూడా ఉంది. మిలిటరీ టోపీ పెట్టుకుంటే ఆ మిషన్ నొక్కుకుని కుయ్‌మని కూస్తుంది. అందుకని టోపీ పెట్టుకుని బయటికి పోయేటప్పుడు దాన్ని చిన్న డబ్బాలో వేసి జేబులో పెట్టుకుంటాడు, పోయిన చోట కూర్చున్నాక టోపీ తీసి చెవిలో పెట్టుకుంటాడు. ఇది గుర్తు పెట్టుకోండి. నేను మర్చిపోయాను కాబట్టే ఈ కథ.

ఆ ఏడు రాష్ట్రం వచ్చిన దినం పండక్కి హైస్కూలు గ్రౌండులో ఈయనకు సన్మానం అన్నారు. జిల్లా నుంచి పెద్దాఫీసరు మేడం వచ్చి శాలువా కప్పుతుంది, మైకులో పేరు పిలుస్తారు అని కబురు. శాలువా సంగతి ఈయనకు పట్టలేదు. "మైకుల నా పేరు పిలుస్తరట," అని ఇంట్లో తిరుగుతూ గోడలకు కూడా చెప్పాడు. యుద్ధం నుంచి వచ్చినప్పుడు పిలవలేదు, రిటైరైనప్పుడు పిలవలేదు. ఇన్నేళ్ళకు పిలుస్తున్నారు.

వారం రోజులు మా ఇంట్లో అదే ప్రాక్టీసు. నేను మేడం. గరిటె నా మైకు.

"మిలిటరీ బాలస్వామి గారు!" అని నేను పిలవాలి. ఆయన మంచం మీది నుంచి లేచి, బూట్లు కొట్టుకుంటూ వచ్చి, సెల్యూట్ చేయాలి.

"మేడం ఏమన్న అడిగితే?" అన్నాను.

"ఏమడుగుతది? రోజు పాట ఎందుకు పెడుతున్నవంటది. 'అది నా డ్యూటీ మేడం! పానం ఉన్నంత వరకు చేస్త!' అంట."

"ఇంకేదన్న అడిగితే?"

"ఇంకేమడుగుతదే? ఆఫీసర్లకు గంత టైం ఉండదు."

ఒక్క భయమే ఆయనకు. "పేరు పిలిస్తే వినపడాలె. పిలిచినంక కూడ బొమ్మ లెక్క కూసుంటే పటేలు సచ్చేదాక నవ్వుతడు."

ఆ రోజు పొద్దున ఆయన స్నానానికి పోయాడు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అంత పెద్ద సభలో మిషన్ ఆగిపోతే ఎట్లా అని డబ్బాలోంచి తీసి, గుడ్డతో తుడిచి, కొత్త బ్యాటరీ వేశాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. మిషన్‌ను కొంగు చివర ముడేసుకుని ఉరికాను. పాలు దించాను. పాలు దించిన చేత్తోనే ఆ మిషన్ సంగతి కూడా మెదడులోంచి దించేశాను.

ఆయన తయారై, మెడల్స్ పెట్టుకుని, టోపీ సర్దుకుని, డబ్బా జేబులో వేసుకున్నాడు. మూత తీసి చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఇల్లాలి మీద నమ్మకం.

"ఇయ్యాల చౌరస్తాల పాట లేదు, గ్రౌండ్లనే ఉన్నది. మైకు గది తాళం చెయ్యి నీ నడుముకే ఉండనియ్యి," అని చెప్పి బయలుదేరాడు.

నేను చీర మార్చుకుందామని కొంగు తీశాను. ముడి గట్టిగా తగిలింది. విప్పి చూశాను. అందులోంచి చెవి మిషన్ నా మొహంలోకి చూసింది.

నా గుండె అక్కడే ఆగిపోవాల్సింది. పని మిగిలుంది కాబట్టి ఆగలేదు.

ఉరికాను. నా ఉరుకుడు మీరు చూడలేదు. రెండు మోకాళ్ళలో ఒకటి తూర్పుకు పోదామంటే ఇంకొకటి పడమరకు లాగుతుంది. మా సందు చివర చౌరస్తా వచ్చేసరికి తాడు కట్టి జనాన్ని ఆపారు. తాడు పట్టుకుని ఒక పోలీసు పిల్లగాడు. సన్మానం ఉన్న మనిషి కాబట్టి మా ఆయన్ను పోనిచ్చారు. ఆయన చౌరస్తా దాటి లింగయ్య హోటల్ దిక్కు నడుస్తున్నాడు. ఆ రోడ్డు మీదే ముందు గ్రౌండు గేటు. ఇంకా ముందు నుంచి మేడం కారు ఎదురొస్తోంది. మా ఆయన ఎంతో దూరం లేడు. అరిస్తే వినపడేంత దూరం. అంటే, చెవులున్నవాళ్ళకు.

"తమ్మీ, గా టోపీ పెట్టుకున్నాయనను జర ఆపవా?"

"మేడం బండి వస్తాంది పెద్దమ్మా. ఎవర్ని తాడు దాటనియ్యొద్దని ఆర్డరు."

"నేను దాటుతలేను బిడ్డా. నువ్వే పో."

"నేను తాడు ఇడువొద్దని ఆర్డరు."

తాడు ఇవతలి నుంచే అరిచాను. "లింగయ్యా! మా ఆయనను ఆపు!"

హోటల్లోంచి లింగయ్య గరిటె పట్టుకుని "సాబ్! ఓ సాబ్!" అని పిలిచాడు. ఆయన పోతూనే ఉన్నాడు. నా కళ్ళ ముందు గ్రౌండు కనిపించింది. మైకులో పేరు పిలుస్తున్నారు, ఈయన బొమ్మలా కూర్చున్నాడు, పటేలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

అప్పుడు నాకు ఉపాయం తట్టింది. జీవితంలో నాకు ఉపాయాలు తట్టిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి దెబ్బ తగిలింది, అయినా బుద్ధి రాలేదు. పక్కనే మైకు గది. నడుముకే తాళం చెవి. తనకు జ్వరమొస్తే నేనే నొక్కాలని ఆయన నాకు మీట చూపించి పెట్టాడు. ఈ మనిషిని బాంబు ఆపలేదు గాని జాతీయ గీతం ఆపుతుంది కదా! అది వినపడిందంటే ఎక్కడున్నవాడు అక్కడ నిలబడతాడు!

మీకు అర్థమైపోయింది కదా? మమత రాయడం ఆపి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పదో తరగతి పిల్లకు అర్థమైంది. ఆయన చెవులను గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం కాలేదు.

తాళం తీశాను. మీట నొక్కాను.

మైకుల్లోంచి పాట మొదలైంది. ఊరు ఆగిపోయింది. బస్సు, లారీ, దోశ, గడ్డం, అన్నీ ముందే చెప్పాను. పోలీసు పిల్లగాడు తాడు వదిలేసి అటెన్షన్‌లోకి వచ్చాడు. ఎదురొస్తున్న కారు ఆగింది, తలుపు తెరుచుకుంది, మేడం దిగి నిలబడింది.

మా ఆయన నడుస్తున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. ఎంత బలంగా తట్టిందంటే గోడ పట్టుకున్నాను. వెంటనే ఉరికి ఆయన్ను ఆపుదామంటే, పాట నడుస్తోంది! కదలకూడదు! జారే కొంగు పట్టుకుంటేనే అంత పంచాయితీ పెట్టిన మనిషి. పోనీ పాటే ఆపుదామంటే, సగంలో ఆపకూడదని కూడా ఆయనే చెప్పాడు. నా గుప్పిట్లో ఆ మిషన్ కుయ్‌మని కూయడం మొదలుపెట్టింది, నేను చేసిన పనికి అదే ముందుగా ఏడ్చినట్టు. నేను నిలబడ్డాను. నిలబడి నా మొగుడి పరువు బూట్లేసుకుని నడిచిపోవడం చూశాను.

ఆయన చుట్టూ చూశాడు. ఒకాయన సైకిలు దిగి నిటారుగా నిలుచున్నాడు. ఆటోవాళ్ళు దిగి నిలుచున్నారు. బస్సులో జనం సీట్లలోంచి లేచారు. ఆయన నడక నెమ్మదించింది. హోటల్ ముందుకు వచ్చాడు. అక్కడ కుర్చీ పక్కన, చేతిలో చాయ్ గ్లాసుతో, పెద్ద పటేలు నిలబడి ఉన్నాడు. పాపం ఆ రోజు పాట లేదన్నారు కదా, తీరిగ్గా కూర్చున్నాడు. వేళ కాని వేళ దొరికిపోయాడు.

మా ఆయన ఆగాడు. పటేలును పైనుంచి కింద దాకా చూశాడు. ఛాతీ ఉబ్బించి, బూటు నేలకేసి కొట్టి సెల్యూట్ చేశాడు. పటేలు కదలలేదు, కదలకూడదు కదా. మా ఆయన ముందుకు సాగాడు. ఎడమ పక్క వాళ్ళకు సెల్యూట్, కుడి పక్క వాళ్ళకు సెల్యూట్. సగం గడ్డం మనిషికి సెల్యూట్. మేడం కారు దగ్గరికి పోయి ఆమెకూ ఒకటి కొట్టి, గ్రౌండు గేటులోకి పోయాడు. మేడం మెడ తిప్పలేదు గాని కళ్ళు మాత్రం ఆయన వెంట గేటు దాకా పోయాయి.

పాట అయిపోయింది. ఊరంతా ఒకేసారి మాట్లాడింది.

"మిలిటరీకి ఏమైందిరా?"

"పాటల నడుస్తుండేందిరా ఈన!"

"మనలనేమో ముక్కు గోక్కోనియ్యడు!"

నేను ఎవరి మొహం చూడకుండా గ్రౌండుకు ఉరికాను. నేను పోయేసరికి సభ మొదలైపోయింది. ఆయన మొదటి వరసలో, ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని, మొహం తెల్లబోయి కూర్చున్నాడు. జనంలోంచి దారి చేసుకుంటున్నాను, అంతలోనే మైకులో పిలిచారు.

"మిలిటరీ బాలస్వామి గారు!"

బొమ్మ. రెండోసారి పిలిచారు. బొమ్మే. అందరూ ఆయన వైపు తిరిగి చూస్తే, ఆయన కూడా అందరినీ చూసి తల ఊపాడు. పక్కాయన మోచేత్తో పొడిచాడు. అప్పుడు లేచాడు. మార్చింగ్ చేసుకుంటూ పోయి మేడం ముందు సెల్యూట్ కొట్టాడు.

మేడం శాలువా విప్పలేదు. మడతతోనే పట్టుకుని, మైకు ముందే అడిగింది. "బాలస్వామి గారూ, రోజూ జాతీయ గీతం పెట్టేది మీరేనని చెప్పారు. ఇందాక అది వస్తుంటే ఊరంతా నిలబడింది. మీరొక్కరే నడుచుకుంటూ పోయారు. ఎందుకలా చేశారు?"

మా ఆయన ఆమె పెదవులు ఆగేదాకా చూశాడు. బూటు కొట్టాడు. గొంతెత్తి అన్నాడు.

"అది నా డ్యూటీ మేడం! పానం ఉన్నంత వరకు చేస్త!"

గ్రౌండు మొత్తం నవ్వు లేచింది. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. మేడం మొహం ఎర్రబడింది. మమతా, ఈ కాడి నుంచి అక్షరాలు ఇంకా చిన్నవి చెయ్యి.

నేను స్టేజీ ఎక్కాను. పుట్టి బుద్ధెరిగాక స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. కొంగు చాటున, ఆయనకు కనపడకుండా, మేడం ముందు గుప్పిట తెరిచాను.

"మేడం, తప్పు ఆయనది కాదు, నాది. గిది ఆయన చెవి మిషన్. గిది లేకుంటే ఆయనకు ఏం వినపడదు. నేనే కొంగుల కట్టుకొని మర్శిన. ఆయనను ఆపుదామని నేనే పాట పెట్టిన. వినపడనాయనకు పాట పెట్టిన ముండను నేనే మేడం. ఆయనను ఏమనకున్రి. ఆయన పానం పోయినా పాటల కదిలే మనిషి కాదు. యుద్ధంల చెవి పోతే కూడ పప్పు ఒలికిందని బాధపడ్డ మనిషి మేడం."

చెప్పడం అయ్యాక తెలిసింది, నా నోటి ముందు మైకు ఉందని. నా తప్పు మైకుల్లోంచి చౌరస్తా దాకా, చౌరస్తా దాటి హోటల్ దాకా వినపడింది. మా ఊళ్ళో ఆ పొద్దున నా మాట వినని మనిషి ఒక్కడే. ఆయన నా పక్కనే నిలబడి, నేను కూడా ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెబుతున్నాననుకుని మీసం తిప్పుతున్నాడు.

"ఇప్పుడైనా ఆ మిషన్ ఆయనకివ్వమ్మా," అంది మేడం.

ఇద్దామని గుప్పిట విప్పకుండానే చెయ్యి చాచాను. కింద జనం ఇంకా నవ్వుతున్నారు. ఆయన మొహం చూశాను. పెళ్ళినాడు కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"జర ఆగుదాం మేడం. మంది నవ్వుడు అయిపోనియ్యున్రి."

మేడం నన్ను చూసింది, ఆయన్ను చూసింది. మడత విప్పి శాలువా కప్పింది. తనే ముందు చప్పట్లు మొదలుపెట్టింది. చప్పట్లు కూడా ఆయనకు వినపడలేదు. కొట్టే చేతులు కనపడ్డాయి, ఆయనకు అదే చాలు.

ఇంటికొచ్చాక మిషన్ "ఇంట్లనే పడిపోయింది" అని ఇచ్చాను. ఆయన చెవిలో పెట్టుకుని, శాలువా భుజం మీది నుంచి తీయకుండానే బూట్లు విప్పుతూ కూర్చున్నాడు.

"డబ్బ తీస్తే ఖాళీ. పానం జారిపోయిందే. అయినా అన్ని మంచిగనే జరిగినయ్."

"ఊఁ," అన్నాను.

"రోడ్డు మీద చూసినవా నువ్వు?"

"ఏం చూసుడు?"

"ఊరంత లేసి నిలబడ్డదే! నేను నడుస్తుంటే ఒక్కడు కదల్లే. బస్సు ఆపిన్రు. పెద్ద పటేలు లేసిండు! చాయ్ గ్లాసు పట్టుకొని లేసి నిలబడ్డడు!" బూటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "గదే రోడ్డు మీద మా బాపు చెప్పులు చేత పట్టుకొని నడిచిండే."

ఆయన చేతిలోంచి బూటు అందుకుని పక్కన పెట్టాను. "అన్నం పెడత, లే," అన్నాను.

రాత్రంతా ఒకటే భయం. తెల్లారితే హోటలుకు పోతాడు. ఎవడో ఒకడు నవ్వుతూ సంగతి చెప్పేస్తాడు. ఆయనకు దొరికిన ఆ రోడ్డు ఆయన కాళ్ళ కింద నుంచి జారిపోతుంది. పొద్దున ఆయన లేవకముందే చెంగు తల మీదికి లాక్కుని లింగయ్య హోటలుకు పోయాను. పటేలు అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

"రా చెల్లె," అన్నాడు. "ఇయ్యాల ఏం పాట పెడుతున్నవ్?"

హోటలంతా నవ్వింది. నేను తల దించుకునే చెప్పాను. "అన్నా, నన్ను ఎంతన్న నవ్వున్రి. ఏడాది పొడుగూత నవ్వున్రి. మా ఆయనకు మాత్రం చెప్పకున్రి. మీరందరు ఆయన కోసమే లేసిన్రని అనుకుంటున్నడు."

నవ్వు ఆగిపోయింది. పటేలు చాయ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"నేను పాటకే లేసిన," అన్నాడు చివరికి.

"తెలుసన్నా."

"వాడు సెల్యూట్ కొడితే నాకు లోపల ఏదో అయింది. పాటకు లేసిన్నా, వానికి లేసిన్నా అంటే నన్నడుగకు. నాకే తెల్వది." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "లింగా, మిలిటరీ వస్తే ఎవడన్న నోరు తెరిస్తే, వాని పళ్ళు నీ పెనం మీద ఏంచుత."

ఎవరూ నోరు తెరవలేదు. ఇంత వాగుడు ఊరు ఒక్క మాట దాచడం చరిత్రలో అదొక్కటే.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. మరుసటి ఏడు అదే దినం పొద్దున, సన్మానం లేదు, సభలో పిలుపు లేదు, అయినా మా ఆయన బూట్లు మెరిపించి, మెడల్స్ పెట్టుకుని, చెవిలోంచి మిషన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది నీ కొంగులనే కట్టుకో. పోయినేడు గట్లనే కలిసొచ్చింది. గ్రౌండు దాక నడిచొస్త."

ఊరు ఎందుకు లేస్తుంది ఈసారి? బస్సులు పోతుంటాయి, ఆటోలు హారన్ కొడుతుంటాయి, ఈయన నడిరోడ్డు మీద ఎవరూ చూడని సెల్యూట్లు కొట్టుకుంటూ పోతాడు. మీట నొక్కుదామా అనుకున్నాను. వద్దు, ఒకసారి చాలు అనుకున్నాను. అయినా చెయ్యి ఊరుకోలేదు, నడుం తడుముకుంది. తాళం చెవి లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ముందు రోజు సాయంత్రం పెద్ద పటేలు మా వాకిట్లోకి వచ్చాడు, జన్మలో మొదటిసారి. "చెల్లె, మైకు గది తాళం చెయ్యి రేపటిదాక ఇయ్యి," అన్నాడు. ఎందుకన్నా అంటే, "డాక్టరు ఊకె కూసోకు, అప్పుడప్పుడు లేసి నిలబడు, మోకాళ్ళకు మంచిదన్నడు," అన్నాడు. ముసలితనం మాటలనుకుని ఇచ్చేశాను. ఈయన మళ్ళీ నడుస్తానని హోటల్లో ముందే చెప్పుకున్నట్టున్నాడు, నాకే తెలియదు.

వాకిట్లో నిలబడి చూశాను. మా ఆయన సందు చివరికి చేరాడు. చౌరస్తాలోకి అడుగు పెట్టాడు. మైకుల్లోంచి పాట మొదలైంది. బస్సు ఆగింది. నేనూ నిలబడ్డాను, కొంగు జారుతున్నా పట్టుకోకుండా.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే.

కాబట్టి పాఠకులారా, ప్రమాణం చేస్తున్నాను. బైబిల్ మీద చెయ్యి పెడదామనుకున్నాను గాని ఇట్లాంటి వాటికి దేవుణ్ణి లాగొద్దని మా పాస్టరమ్మ అంది. అందుకని ఈ చెవి మిషన్ మీదే చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇకమీదట వక్కాకు తప్ప కొంగుకు ఏమీ కట్టను. వినపడని మనిషిని పాటతో ఆపాలని చూడను. నా ఊపిరి ఉన్నంత కాలం ఆ మీట ముట్టుకోను.

ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. దానికి పటేలు ఉన్నాడు.

మమతా, ఇది అచ్చయితే మీ తాతకు మాత్రం చూపించకు. ఆయనకు పోయింది చెవులే గాని, కళ్ళు గద్ద కళ్ళు.